లైసెన్సు లేని మా ఆయన పడవలో

మా ఆయనకు ఈత వచ్చు. పడవ నడపడానికి అది చాలనుకోవడం ఆయన తప్పు, ఆ మాట నమ్మి ఎక్కడం నా తప్పు. మొన్నీమధ్య స్నేహితుడితో కలిసి పాత మోటారు పడవ ఒకటి కొన్నారు. "ముందు శిక్షణ తీసుకోండి, లైసెన్సు వచ్చాక తిప్పుదురుగాని" అన్నాను. "కాలవల్లో ఈదుతూ పెరిగినవాణ్ణి, నాకొకరు నేర్పాలా?" అని నవ్వారు. ఆ నవ్వుతోనే ఆదివారం బయల్దేరాం.

చల్లపల్లిలో ఉదయం ఆరున్నర బస్సెక్కితే విజయవాడ బస్టాండుకు రెండు గంటలు పట్టింది. అక్కణ్ణుంచి భవానీపురం వైపు మా పడవ కట్టేసి ఉన్న రేవుకు ఆటోలో నూట యాభై. మేమిద్దరం, ఎనిమిదేళ్ల మా చిన్ని, అత్తగారు, ఆవిడ చెల్లెళ్లిద్దరు. మొత్తం ఆరుగురం. పడవేమో నలుగురిది. "మనవాళ్లమేగా, సర్దుకుందాం" అన్నారు అత్తగారు. లైఫ్ జాకెట్లు మూడే ఉన్నాయి. ఒకటి చిన్నికి కట్టాను. మిగతా రెండూ పట్టుచీరలు తడవకుండా పిన్నత్తగార్లు కిందేసుకుని కూర్చున్నారు. అది చూసి కూడా ఎక్కాను.

పావుగంట బాగానే సాగింది. కొండమీద గుడి గోపురం కనబడగానే అత్తగారు "అమ్మా, దుర్గమ్మ తల్లీ!" అంటూ లేచి నిలబడ్డారు. అక్క లేస్తే చెల్లెళ్లు కూర్చుంటారా? ముగ్గురూ అటే జరిగి దణ్ణం పెట్టారు. పడవ ఒక్కసారిగా ఒరిగి, నీళ్లు లోపలికొచ్చాయి. మా ఆయన కంగారులో ఏదో లాగారు. ఇంజను ఆగిపోయింది, మళ్లీ స్టార్టవలేదు. దిగువన బ్యారేజీ గేట్లు ఎత్తి ఉన్నాయని ఆయన ముందుగా కనుక్కోలేదు. పడవ మెల్లగా అటు జారుతోంది, నీళ్ల హోరు దగ్గరవుతోంది. నాకు ఈత రాదు. చిన్నిని గట్టిగా పట్టుకుని ఆయన ముఖం చూశాను. ఏం చెయ్యాలో ఆయనకు తెలియడం లేదు. అది అర్థమయ్యాక నాకు చచ్చేంత భయం వేసింది.

కాస్త దూరంలో వల తీస్తున్న పెద్దాయన ఒకాయన తన మరపడవ ఇటు తిప్పుతూ కేకేశాడు. "లేవమాకండమ్మా! మధ్యలో కూచోండి! బాబూ, లంగరెయ్యి!"

"లంగరు లేదండీ. మనుషులెక్కువయ్యారని బరువు తగ్గించడానికి రేవులోనే దింపేశాను" అన్నారు మా ఆయన.

"మనుషుల్ని దింపాలిగానీ లంగరు దింపుతారా అయ్యా?" అంటూనే ఆయన తాడు విసిరాడు. మమ్మల్ని ఒడ్డుకు లాక్కెళ్లేదాకా అందరం పడవ మధ్యలోనే ముడుచుకుని కూర్చున్నాం. తిరుగు బస్సులో కూడా చిన్ని జాకెట్ విప్పనివ్వలేదు.

లైసెన్సంటే ఒక కాగితమనుకునేదాన్ని. పడవలో ఎంతమంది ఎక్కొచ్చు, ఇంజను ఆగితే ముందు ఏం చెయ్యాలి అన్నవి నేర్చుకున్నాకే ఆ కాగితం చేతికి రావాలని ఆ నీళ్లలో తెలిసింది. ఆయన ఇప్పుడు శిక్షణకు పేరిచ్చారు. మీరు వెళ్తే మాత్రం కాలు పడవలో పెట్టకముందే జాకెట్ కట్టుకుని, లైసెన్సు చూపించమనండి, ఎంతమందికి అనుమతో అడగండి. పరాయివాణ్ణయితే నేనూ అడిగేదాన్నే. మొగుణ్ణి నలుగురిలో అడగడమెందుకని ఊరుకుని, నా కూతుర్ని ఆ పడవెక్కించాను.