కడప బస్సులో చెనిక్కాయల లెక్క

పొద్దున ఆరుకు కర్నూలులో కడప బస్సెక్కాను. కడపలో ఒక గణితం లెక్చరరు హెచ్.ఐ.వి. వ్యాప్తిని ఎట్లా అదుపు చేయొచ్చో సమీకరణాలతో చూపిస్తాడట. పదో తరగతి లెక్కల పరీక్షకు రెండుసార్లు దండెత్తిన నన్ను మా పత్రిక పంపిందంటే, ఆ రోజు ఇంకెవరూ దొరకలేదన్నమాట.

నంద్యాలలో ఉగ్గాని బజ్జీ తిని, వేయించిన చెనిక్కాయల, అదే పల్లీల, పొట్లం కొన్నాను. పక్క సీట్లోకి ఒక రైతు వచ్చాడు. రమణప్ప అందాం. మనిషి దొరికాడు కదా అని, లెక్చరరు ఫోన్లో చెప్పిన పాఠం అతనికి అప్పజెప్పాను. ఒళ్లో పేపరు పరిచి గింజలు మూడు కుప్పలు పోశాను.

"వీళ్లకు జబ్బు లేదు. వీళ్లకుంది, తెలీదు. వీళ్లు మాత్రలు వాడుతున్నారు. రోజూ సక్రమంగా వాడితే వీళ్ల నుంచి ఇంకొకరికి అంటదు. రెండో కుప్పను తొందరగా మూడోదాంట్లో కలిపితే జబ్బు తగ్గుతుంది."

ప్రెస్‌మీట్లలో అరిచి అరిచి పెరిగిన గొంతు నాది. వెనకసీటు పెద్దాయన నన్ను అడిగాడు: "ఏమప్పా, నువ్వు యా కుప్పలో ఉండావు?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. రమణప్ప నవ్వలేదు.

ఆళ్లగడ్డ దాటాక మెల్లగా అడిగాడు. "నడుమలో మాత్రలు మానేసినోళ్లను యాడ పెడతావన్నా?"

చూస్తే మూడో కుప్ప సగమే ఉంది. మాటల్లో పడి నేనే తినేశాను.

మైదుకూరులో సంచి తీసుకుని లేచాడు. టికెట్టు కడపకే. "నంద్యాల ఆసుపత్రిలో మా ఊరోడొకడు నన్ను చూసినాడన్నా. ఆపొద్దు నుంచి మాత్రలకు పోలేదు. కడపలో ఎవరూ ఎరగరని వస్తాంటి. ఈడ గూడా నవ్వుతాండారు."

నా గొంతు అప్పటికి తగ్గింది. "కూర్చో రమణప్పా. నీ ప్రశ్న సారునే అడుగుతా. సాయంత్రం నాలుగు గంటల తిరుగు బస్సులో చెప్తా."

సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఉపన్యాసం నాకు సగం అర్థం కాలేదు. చివర్లో లేచి ఆ ప్రశ్న అడిగాను. లెక్చరరు బోర్డు మీద మూడు గళ్ల పక్కన నాలుగోది గీసి, దాన్నుంచి మూడోదానికి బాణం వేశాడు. "మానేసినవాళ్లు తిరిగొచ్చే దారి ఇది సార్. ఇది మూసుకుపోతే జబ్బు మళ్లీ పెరుగుతుంది."

తిరుగు బస్సులో రమణప్ప కిటికీ పక్కనున్నాడు. కొత్త పొట్లం విప్పి, ఈసారి నోరెత్తకుండా నాలుగు కుప్పలు పోసి, నాలుగోదాన్నుంచి మూడోదానికి వేలితో గీత గీశాను.

అతను నాలుగో కుప్పలోంచి ఒక గింజ తీసి మూడోదాంట్లో పెట్టాడు. అతని ఒళ్లో సంచి కదిలి లోపల కొత్త మాత్రల డబ్బా గలగలమంది.

"ఈ గింజను మాత్రం తినొద్దన్నా" అన్నాడు.

నంద్యాలలో అతను దిగిపోయాక ఆ కుప్పలన్నీ పేపర్లో చుట్టేశాను. కర్నూలు దాకా ఆకలేసింది గానీ పొట్లం విప్పలేదు. లెక్కల్లో నేను చెడగొట్టకుండా వదిలింది అదొక్కటే.