ఫిట్స్ కాదు, నేనిచ్చిన మత్తుమందే

బాన్సువాడలో నా దవాఖాన ఆపరేషన్ గది గోడకు ఒక అట్ట ఉండేది. చేతికో కాలికో ఇచ్చిన మత్తుమందు నెత్తురులో ఎక్కువగా కలిసి ప్రాణం మీదికి వస్తే ఏం చేయాలో దాని మీద రాసి ఉండేది. బిచ్కుంద, వర్ని డాక్టర్లు కూడా చూసి అలాంటివే రాయించుకున్నారు. మెచ్చుకుంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. అది ఎందుకు పుట్టిందో ఎవరికీ చెప్పలేదు.

తొంభైల చివర, చెరకు కొట్టే రోజుల్లో ఒక ట్రాక్టర్ డ్రైవర్‌ను తీసుకొచ్చారు. ట్రాలీ తగిలిస్తుంటే వేళ్లు నలిగాయి. చంకలో మత్తు సూది ఇచ్చాను. చెయ్యి సరిగా మొద్దుబారలేదు. బయట జనం ఎదురుచూస్తున్నారు. సన్నటి మనిషి, బరువైనా చూడకుండా ఇంకొంత ఎక్కించడం మొదలుపెట్టాను.

"సారూ, నోట్లె ఇనుము చప్పరించినట్టున్నది. చెవులల్ల గుయ్యిమంటున్నది."

"ఏం కాదు, పండుకో," అన్నాను. మందు ఎక్కువైనప్పుడు మనిషి మొదట చెప్పే మాటలు అవేనని చదువుకున్నాను. అయినా సిరంజి ఖాళీ చేశాను.

అంతలోనే కళ్లు తేలేసి ఒళ్లంతా కొట్టుకున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ వాళ్లమ్మ లోపలికి ఉరికొచ్చి, కొంగున కట్టుకున్న తాళంచెవి విప్పి కొడుకు పిడికిట్లో కుక్కింది. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టడం మా వైపు అందరూ చేసేదే. ఆక్సిజన్ పెట్టాల్సిందెవరో తేలక, ఫిట్స్ ఆపే మందు కోసం నేనూ నర్సూ ఇద్దరం ఒకే అల్మారా వెతికాం. ఎలాగో బతికాడు.

"ఏమైంది సారూ నా కొడుక్కు?" అని అడిగింది తల్లి.

తాళంచెవి ఇంకా అతని గుప్పిట్లోనే ఉంది. "ఫిట్స్ అవ్వా. ఇంతకుముందు రాలేదా?"

"రాలే. చిన్నగున్నప్పుడు జెరమొస్తే ఒక్కసారి వణికిండు."

"ఇగ అదే," అన్నాను.

ఫిట్స్ రాకుండా రోజూ వేసుకొమ్మని మాత్రలు కూడా రాశాను. వర్ని దగ్గర, కోస్తా నుంచి వచ్చిన రైతుల క్యాంపులో ఉండే అతని ఆసామి, ఫిట్స్ మనిషికి బండి ఇవ్వకూడదని, అతన్ని ట్రాక్టర్ మీంచి దింపేసి మడుల్లో నీళ్లు కట్టే పనిలో పెట్టాడు.

ఆ వారంలోనే అట్ట రాయడానికి కూర్చున్నాను. మొదటిసారి పేజీ నిండా ఇంగ్లీషులో కారణాలు, లక్షణాలు రాశాను. టేబుల్ మీద దిండును పడుకోబెట్టి, అదే పేషెంట్ అనుకుని చేసి చూశాం. "సార్, గిది సదివేసరికి దిండు గుడ సస్తది," అని నర్సు నవ్వింది. మళ్లీ తెలుగులో, పెద్ద అక్షరాలతో రాశాను. మొదటి మాట: సూది ఆపు. రెండోది: మనిషిని పిలువు. తర్వాత ఆక్సిజన్, ఆ తర్వాత ఫిట్స్ ఆపే మందు. ఆ గాభరాలో లెక్క తోచదు కనుక ఎంత బరువుకు ఎంత మందో ముందే రాసిపెట్టాం. మందుల డబ్బా అట్ట కిందే ఉంచాం. ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్లు చేయాలి. తర్వాతి ఏళ్లలో నెత్తురులో కలిసిన మత్తుమందును పీల్చుకునే తెల్లటి కొవ్వు సెలైన్ పనిచేస్తుందని తెలిశాక దాన్నీ చేర్చాను. ఆ రోజు నేను చేసిన ప్రతి తప్పుకూ అందులో ఒక వరుస ఉంది, ఒక్కదానికి తప్ప.

పదేళ్లు దాటాక ఆ డ్రైవర్ మళ్లీ వచ్చాడు. చిగుళ్లు ఉబ్బి నెత్తురు కారుతున్నాయి. నేను రాసిన మాత్రలు చేసిన పనే అది. పడుకోమంటే మొలతాడుకు కట్టిన తాళంచెవి కనిపించింది. వాళ్లమ్మదే.

చెప్పేశాను. "నీకు ఎన్నడూ ఫిట్స్ లేదు. నేనిచ్చిన మత్తుమందు ఎక్కువైంది. ఆ తప్పును నీ మీదికి తోసిన."

అతను లేచి కూర్చున్నాడు. "మా అవ్వ పొయ్యేదాక ఏడ్చింది సారూ. చిన్నప్పుడు జెరమొస్తే జల్ది దవాఖానకు తీస్కపోలే, గందుకే ఫిట్స్ అయిందని."

మందుల చీటీ ముందుకు లాక్కున్నాను. "ఆ మాత్రలు ఒక్కసారే ఆపకు, మెల్లగా తగ్గిద్దాం," అన్నాను.

"ఇప్పుడు మస్తు జాగర్తలు చెప్తున్నవ్!" అని లేచాడు. "నాకొక్కనికి చెప్తే ఏమొస్తది? నడు, మా ఆసామి ముంగట చెప్పు."

నా స్కూటర్ మీదే వెళ్లాం. కళ్లంలో ఆసామికి జరిగిందంతా చెప్పాను; వడ్లు ఎత్తుతున్న కూలీలంతా పని ఆపి విన్నారు.

"ఇన్నేళ్లా డాక్టరు గారూ?" అన్నాడు ఆసామి. నా ముఖం చూడలేదు. డ్రైవర్ వైపు తిరిగి, "మందులు పూర్తిగా మానాక రారా. బండి సంగతి అప్పుడు చూద్దాం," అన్నాడు.

అతను గట్టు మీద నిలబడి, షెడ్డులో ఉన్న ట్రాక్టర్‌నే చూస్తున్నాడు. తాళంచెవి మొలతాడుకే ఉంది. తీసెయ్యమని చెప్పే నోరు నాకు లేదు.

తిరిగొచ్చి అట్ట చివర రాశాను: ఏం జరిగిందో పేషెంటుకు, ఇంటివాళ్లకు ఆ రోజే ఉన్నదున్నట్టు చెప్పు. ఆ అట్టను రాయించుకున్న ప్రతి దవాఖానకూ వెళ్లి ఆ వరుస కలపమన్నాను. ఇదెందుకని అడిగినచోటల్లా కుర్చీ లాక్కుని కూర్చుని మొదటినుంచీ చెప్పాను.