నంబరు వేయని విమానం

ఆ వీధివాళ్లు ఆయన్ని ‘విమానాలాయన’ అంటారు. పైలట్లు శిక్షణ పొందే యుద్ధ జెట్లకు చెక్క నమూనాలు చెయ్యడం ఆయన పని. తన పనిలో తానే కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం. రెక్కను ఉప్పుకాగితంతో రుద్దాక, కళ్లు మూసుకుని చెంపకు ఆనించుకుంటాడు. ఎక్కడైనా గుచ్చుకుంటే, “నీకింకా గడ్డం గీయాలిరా” అని మళ్లీ రుద్దుతాడు. శిక్షణ ముగించినవాళ్లు వచ్చి, తాము నడిపిన విమానం నంబరు తోక మీద వేయించుకుని పట్టుకెళ్తారు. అన్నిటికన్నా నున్నగా కుదిరింది మాత్రం నంబరు లేకుండా పై అరలో ఉండేది. కొడుకు శిక్షణకు వెళ్లిననాడు మొదలుపెట్టిన విమానం అది. పైకి లేస్తే కళ్లు తిరుగుతున్నాయని వాణ్ణి ఇంటికి పంపేశారు. “మళ్లీ పిలుస్తారులే” అంటూ ఈయన రోజూ దాని దుమ్ము దులిపేవాడు. కొడుకు వినీ విననట్టు, కొట్లో కూర్చుని నంబర్లు వేసేవాడు.

నిన్న ఒక కొత్త పైలట్ తల్లితో వచ్చాడు. ఆమె నేరుగా పై అర చూపించి, “అదివ్వండి” అంది.

“అది అమ్మేది కాదమ్మా, మావాడిది.”

కొడుకు లేచొచ్చి దాన్ని దించాడు. “ఊరుకో నాన్నా. మీ నంబరు చెప్పండి సార్” అంటూ సన్న కుంచె అందుకున్నాడు. ఒక్క అంకె వంకర పోయినా చాలనుకున్నాడు తండ్రి. అన్నీ అచ్చు గుద్దినట్టు వచ్చాయి.

“రంగు ఆరేదాకా పట్టుకో” అని కొడుకు విమానాన్ని ఆయన చేతుల్లో పెట్టాడు. ఆయన అలవాటు కొద్దీ రెక్కను చెంపకు ఆనించుకున్నాడు. ఎక్కడా గుచ్చుకోలేదు.