సామాన్ల గది నంబరు

మొన్న ఖమ్మంలో పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నాను. లోపలి గది తలుపుకు నంబర్లు నొక్కే తాళం ఉంది. నొక్కినప్పుడల్లా కీచుమంటోంది. చేతులు ఖాళీ లేక నర్సు ఒకసారి, "ఎనిమిది, సున్నా, ఆరు, ఒకటి కొట్టవే" అని అవతలి అమ్మాయికి కేకేసింది. బయట కూర్చున్న పదిమందిమీ విన్నాం. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి అరవబోయి ఆగాను. ఆ కోపం ముప్పై ఏళ్ల పాతది, అందులో పెద్ద వాటా నాకే చెందాలి.

పెనుబల్లి దగ్గర మా తాతకు వంద ఎకరాలు ఉండేవి. నా చేతికి వచ్చేసరికి ఇంటిపేరూ, వంగని నడుమూ మిగిలాయి. ఎనభైల చివర్లో భద్రాచలంలో ఒక లాడ్జికి మేనేజరునయ్యాను. ఉద్యోగం చేస్తున్నానని ఎవరితోనూ అనేవాణ్ని కాదు, "లాడ్జి చూసుకుంటున్నాను" అనేవాణ్ని. యజమాని కొత్తగా డబ్బు చూసినవాడు. నాలాంటి పెద్దింటివాణ్ని తన కౌంటరు వెనక కూర్చోబెట్టుకోవడం ఆయనకు గొప్ప. తలుపులు, పంపులు, తాళాలు చూసేవాడు ముత్తయ్య. గోదావరి అవతలి అడవి పల్లె నుంచి వచ్చిన కోయ మనిషి, యాభైకి దగ్గరవాడు. అందరూ నన్ను "మీరు" అంటే అతనొక్కడు "నువ్వు" అనేవాడు. యజమానినీ అలాగే అనేవాడు. వాళ్ల పల్లెలో పెద్దాచిన్నా అందరికీ అదే పిలుపని తెలిసీ నేను నొచ్చుకునేవాణ్ని.

యాత్రికులు స్నానానికి వెళ్తూ పెట్టెలు సామాన్ల గదిలో పెట్టి, తాళంచెవి తమ దగ్గరే ఉండాలని పట్టుబట్టేవారు. కొంగున కట్టుకున్న ఆ చెవి రెండుసార్లు గోదావరి పాలైంది, రెండుసార్లూ తాళం పగలగొట్టాం. విసిగి యజమాని హైదరాబాదు నుంచి బటన్ల తాళం తెచ్చాడు. చెవి అక్కర్లేదు, నాలుగు అంకెలు నొక్కితే తెరుచుకుంటుంది. దానితో వచ్చిన కాగితం నేను చదివి చెబుతుంటే ముత్తయ్య రెండు రోజులు కూర్చుని బిగించాడు.

"నెలకోపారి నంబరు మార్చాలంట సారూ. విప్పితే లోపల పిన్నులున్నయి, నేను మారుస్త," అన్నాడు యజమానితో.

"సిద్ధాంతి పెట్టిన నంబరయ్యా అది. మారిస్తే లాడ్జి కలిసిరాదు."

"నీకొక్కనికేనా సారూ, దొంగకు గూడ కలిసొస్తది."

అందరం నవ్వాం, యజమాని తప్ప. నంబరు మారలేదు.

ఆ మూర్ఖత్వాన్ని మించింది నాది. వచ్చినవాళ్ల కోసం లేచి వెళ్లి తలుపు తీయడం మా ఇంటావంటా లేదు. అందుకే కుర్చీ కదలకుండా, "రెండు, ఐదు, ఎనిమిది, తొమ్మిది నొక్కండి" అని వరండాలోకి కేకేసేవాణ్ని. రోజుకు పదిసార్లు. ఒకనాడు ముత్తయ్య కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"దొరా, గట్ల మొత్తుకుంటే ఊరందరికి తెలుస్తది. నన్ను పిలువు, నేనొచ్చి తీస్త."

"నువ్వా నాకు చెప్పేది?"

"అవ్, చెప్పిన. ఇగ నీ ఇష్టం."

నెల తిరక్కుండానే ఒక శనివారం సామాన్ల గదిలో పెట్టె పోయింది. పన్నెండు మంది యాత్రికులు, వాళ్ల పెట్టెలో కాసులపేరు. యజమాని వరండాలో నిలబడి, "నంబరు ముగ్గురికే తెలుసు. నాకు, మా మేనేజరు రావుగారికి, వీనికి," అన్నాడు. పొద్దున నా కేక విని ఆ తలుపు తెరుచుకున్నవాళ్లే అయినా మా ఇద్దరి వైపు ఎవరూ చూడలేదు. పన్నెండు జతల కళ్లూ ముత్తయ్య మీదికే వెళ్లాయి. అతని పనిముట్ల సంచి నేల మీద గుమ్మరించారు. ఉలి, మరలు, పొగాకు పొట్లం దొర్లాయి. "అడవోళ్లను ఇంట్లో పెట్టుకుంటే ఇంతే," అందొక పెద్దావిడ.

ముత్తయ్య ఆమెను చూడలేదు, నన్ను చూశాడు. "దొరా, నంబరు ఎంతమందికి తెలుసో నువ్వు చెప్పు."

నేను రిజిస్టరులోకి తల దించుకున్నాను. అంతవరకూ ఎవరి ముందూ వంగలేదని చెప్పుకున్న మనిషిని, నా కుర్చీ కోసం వంగాను. అతను ఒక్కొక్క మరా ఏరుకుని సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

నాలుగో రోజు కొత్తగూడెం బస్టాండులో పెట్టెతో సహా దొంగ దొరికాడు. మా లాడ్జిలో రెండు రోజులు దిగినవాడే. మేనేజరు కేకేస్తుంటే విన్నానని పోలీసులకు చెప్పాడు. యజమాని పగలబడి నవ్వాడు. "పోనీ తియ్యండి రావుగారూ, పెద్దింటోళ్ల గొంతు పెద్దగనే ఉంటది. ముత్తయ్యను పిలుచుకరాండ్రి, పంపు చెడిపోయింది." ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి. నేను గొంతెత్తితే పెద్దరికం. అతను నోరెత్తకపోయినా దొంగతనం.

బస్సు దిగి మూడు మైళ్లు నడిచి అతని పల్లెకు వెళ్లాను. వాకిట్లో అతని భార్య, ఇరుగుపొరుగు ఉన్నారు. అందరి ముందూ తప్పు నాదేనని చెప్పాను. గొప్ప పని చేశాననుకున్నాను కూడా.

"ఈడ చెప్తే ఏమొస్తది దొరా?" అన్నాడు ముత్తయ్య. "ఈడ నన్ను దొంగన్నోడు ఎవ్వడు లేడు."

"మరెక్కడ చెప్పను?"

"నువ్వు యాడ నోరు మూసుకున్నవో ఆడ. ఆ పన్నెండు మందికి."

"వాళ్లు ఊరెళ్లిపోయారు."

"ఊరి పేరు నీ బుక్కుల రాసుకున్నవు గద."

రిజిస్టరులో ఆ కుటుంబ పెద్ద చిరునామా ఒక్కటే ఉంది. లాడ్జి పరువు పోతుందని యజమాని వద్దన్నాడు. తప్పు నాదని ఆయనకు ఉత్తరం రాసి, ఆ సాయంత్రమే తాళాల రిజిస్టరు అప్పగించి బయటికి నడిచాను. కొన్నాళ్లకు కార్డు వచ్చింది. తీసుకెళ్లి ముత్తయ్యకు చదివి వినిపించాను. "వస్తువు అందినది. సంతోషం. జరిగినది మరచిపోదము."

"నా పేరు లేదేంది?" అన్నాడు.

"లేదు."

"మళ్ల రాయి."

మళ్లీ రాశాను. మూడుసార్లు రాశాను. జవాబు లేదు. ముత్తయ్య జూలూరుపాడులో తలుపుల పని పెట్టుకున్నాడు. కనపడ్డప్పుడల్లా "వచ్చిందా?" అని అడిగేవాడు. పోయేదాకా అడిగాడు. నా నడుము ఇవాళ్టికీ నిటారుగానే ఉంది, కానీ మా తాత పేరు చెప్పి కాదు. ఎవరి మీదైనా నింద పడుతుంటే తల దించుకుని కూర్చోవడం నా చేత కావడం లేదు. దానివల్ల రెండు ఉద్యోగాలు పోయాయి, పోనీ.

ఆ పన్నెండు మందిలో ఎవరైనా, వాళ్ల పిల్లలైనా, ఇది చదువుతూ ఉండవచ్చు. భద్రాచలంలో ఒక అడవి మనిషి మన పెట్టె కాజేశాడని మీ ఇంట్లో ఇంకా చెప్పుకుంటున్నారేమో. ఆపండి. ఆయన పేరు ముత్తయ్య. మీ పెట్టె ఆయన తాకలేదు. నంబరు చెప్పింది నేను.