మామగారి నూనె, షేరు మోకాళ్లు

ఆ రోజుల్లో, అంటే నైజాం జమానాలో, కొత్త కోడలు అత్తగారింట్లో నోరు తెరవడానికి రెండే సందర్భాలుండేవి: అన్నం తినేటప్పుడు, ఆవులింత వచ్చినప్పుడు. పదిహేనేళ్లకు బాన్సువాడకు కాపురానికి వచ్చిన నాకు ధారాళంగా మాట్లాడుకోవడానికి దొరికిన ప్రాణి ఒక్కటే, మా మామగారి వేటకుక్క షేరు. అది నాకు ఎదురు చెప్పేది కాదు, నా మాటలు మోసుకెళ్లి అత్తగారి చెవిలో వేసేది కాదు. (మా ఆయన ఈ రెండు పనులూ చేసేవారు.)

అప్పటికే షేరుకు పన్నెండేళ్లు దాటాయి. ఒకప్పుడు చెరుకుతోటలో అడవిపందిని నిలేసిన కుక్కట. మామగారు చెప్పినప్పుడల్లా ఆ పంది కొంచెం పెరిగేది. నేను వచ్చేనాటికి దున్నపోతంత అయింది. షేరు మాత్రం చలికాలం పొద్దున బండల మీది నుంచి లేవడానికి మూడుసార్లు తంటాలు పడేది. వెనక కాళ్లు వణికేవి. రెండడుగులు వేసి, గోడవైపు మొహం పెట్టి కూలబడేది. పాలలో నానబెట్టిన రొట్టెను కూడా వాసన చూసి వదిలేసేది.

మామగారికీ మోకాళ్ల నొప్పులే. కాకపోతే ఆయన నొప్పులకు ఒక దర్బారు ఉండేది. హకీము ఇచ్చిన వావిలాకు నూనె సీసా, దాన్ని వెచ్చబెట్టడానికి నేను, రుద్దడానికి జీతగాడు, మూలుగు వినడానికి వచ్చేపోయే జనం. (ముందు మోకాళ్ల సంగతి అడిగాకే ఎవరైనా తమ పని చెప్పుకోవాలి.) ఒకరోజు అట్లా రుద్దించుకుంటూనే జీతగానితో అన్నారు: "గా షేరుతోని ఇగ ఫాయిదా లేదురా. చెరుకు కొట్టుడు అయినంక తోటకు తీస్కపోయి తుపాకితోని ఖతం జేద్దాం. కాళ్లు వోయినంక బతుకెందుకు?"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన కాళ్లు రెండూ జీతగాని ఒళ్లో ఉన్నాయి.

మరునాటి నుంచి ఆయన నూనెలో ఒక వాటా కుక్కకు వెళ్లసాగింది. గోనెసంచుల్లో వరిగడ్డి కుక్కి పశువుల కొట్టంలో దానికి పడక వేశాను. దాని తొడలకు, మోకాళ్లకు మెల్లగా నూనె రాస్తూ మా పుట్టింటి ముచ్చట్లన్నీ చెప్పేదాన్ని. వారానికి చెవులు లేచాయి, పదిహేను రోజులకు తోక కదిలింది. నెల తిరిగేసరికి జీతగాడు గొడ్లను తోలుకుపోతుంటే వాటి వెనకే కాలువ దాకా కుంటుతూ పోయి రావడం మొదలుపెట్టింది. పెద్ద దవాఖాన నడుపుతున్నట్టు నాకు ఒకటే గర్వం.

ఇంతలో సీసా అడుగంటింది. మామగారు గద్దె మీద కూర్చుని అందరినీ పిలిచారు.

"నా నూనె ఎవడు తాగుతుండు?"

జీతగాడు దేవుని మీద ఒట్టేస్తుండగా షేరు లోపలికి వచ్చింది. నిగనిగలాడుతూ వచ్చి మామగారి ముందే నిలబడింది. గదంతా హకీము మందు వాసన.

"మనిషి నూనె కుక్కకా! ఏం బిడ్డా, నువ్వేనా?"

"తప్పయింది మామా," అన్నాను. "గని అది ఇప్పుడు నడుస్తుంది. దాన్ని సంపకుండ్రి."

"మరి గదే నూనె నాకెందుకు పనిజేస్తలేదు?"

జవాబు తలుపు వెనక నుంచి, అత్తగారి గొంతులో వచ్చింది. "గా కుక్క రోజు కాలువ దాక నడుస్తుంది. మీరు గద్దె దిగుతలేరు."

జీతగాడు దగ్గు ముంచుకొచ్చినట్టు బయటికి పరుగెత్తాడు. మరునాడు పొద్దున మామగారు చేతికర్ర తీసి షేరును పిలిచారు. ఆ నడక తన కోసమని ఒప్పుకుంటారా? దారిలో అడిగిన ప్రతివాడికీ, "దీని దిల్ బాగలేదు, జర తిప్పుకొస్తున్న" అనేవారు. ఇద్దరూ కుంటుతూ, ఒకేచోట ఆగి రొప్పుతూ పోయొచ్చేవారు. తుపాకి మాట మళ్లీ రాలేదు.

షేరు ఇంకో రెండు చలికాలాలు బతికి, ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. మామగారు మూడు రోజులు గడప దాటలేదు. నాలుగోనాడు వాకిట్లో చాలాసేపు నిలబడి, లోపలికి తిరిగి అత్తగారిని పిలిచారు. "ఏమే, కాలువ దాక పోయొద్దమా?"

అత్తగారు బియ్యం చెరగడం ఆపలేదు. "నా మోకాళ్లు పదేండ్ల సంది గుంజుతున్నయి. గీ ఇంట్ల నూనె కుక్క దాక వొయింది గని, నా దాక రాలే."

మామగారు చేతికర్ర గోడకు ఆనించేశారు. ఆ దెబ్బ ఆయనకెంతో నాకూ అంతే. గోడకు మొహం పెట్టిన కుక్క దుఃఖం కనిపెట్టిన తెలివిగలదాన్ని, పొయ్యి ముందు నుంచి గోడ పట్టుకుని లేచే మనిషిని రెండేళ్లు పక్కనే ఉండి చూడలేదు.

ఆ పొద్దు నూనె వెచ్చబెట్టడానికి మామగారే వంటింట్లోకి వచ్చారు. (పొయ్యి ఏ మూలనుందో నన్నడిగి తెలుసుకున్నారు.) నూనె మాడ్చి, చెయ్యి కాల్చుకున్నారు కూడా. అత్తగారు నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నారు. మళ్లీ వెచ్చబెట్టి ఆమె కాళ్లకు నేను రాశాను.

ఇప్పుడు నా మోకాళ్లదీ అదే వరస. ఎట్లా ఉందని మా కోడలు అడిగితే, "బాగనే ఉంది బిడ్డా" అంటాను. ఆ పిల్ల ఆ మాట నమ్మి వెళ్లిపోతుంటే మాత్రం, లోపల నాకెంత కోపమొస్తుందో!