మొహమాటంలో పోయిన లంక

వీధికొక ఫోను, ఇంటికొక విదేశాంగ నిపుణుడు ఉన్న కాలంలో పెరిగినదాన్ని నేను. తొంభైల చివర్లో మా రామచంద్రపురం వీధరుగుల మీద పరిష్కారం కాని ప్రపంచ సమస్య లేదు. మా ఇంటి నిపుణుడు మా బాబాయి. పేరుకి ఏదో ఆఫీసులో గుమాస్తా గానీ, పొద్దున్నే పేపరు రాగానే అగ్రరాజ్యాలని వరసగా నిలబెట్టి చీవాట్లు పెట్టేవాడు. "వీళ్లెవరికీ మాట్లాడ్డం చేతకాదే! ఆ రెండు దేశాలవాళ్లనీ ఒక్కసారి నా దగ్గరికి రమ్మను, కాఫీ చల్లారేలోపు సరిహద్దు గీసిచ్చేస్తాను" అనేవాడు. (మా పెరటి గోడ విషయంలో పక్కింటివారితో ఆయనకి పదేళ్లుగా మాటల్లేవన్న సంగతి ఆ సమయంలో ఎవరూ గుర్తు చేయకూడదు.)

నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా కాకినాడలో కాలేజీల మధ్య ఒక పోటీ పెట్టారు. రెండు ఉత్తుత్తి దేశాలు, వాటి మధ్య ఒక నది, నది నడుమ ఒక లంక. ఆ లంక మాదంటే మాదని రెండు జట్లూ శిఖరాగ్ర సమావేశంలో వాదించుకోవాలి. గెలిచినవాళ్లు ఢిల్లీలో జరిగే పెద్ద పోటీకి వెళ్తారు. ఢిల్లీ అన్న మాట వినగానే నాకు నిద్ర పట్టలేదు. అప్పటికి నేను రాజమండ్రి వంతెన దాటింది రెండే రెండుసార్లు, రెండూ పెళ్లిళ్లకే. నాన్న మాత్రం "కాలేజీ తరఫున పంపిస్తే వెళ్లు, ఊరికే షికారుకైతే లేదు" అని తేల్చేశారు. అంటే లంక గెలిస్తేనే ఢిల్లీ. ఇంక మా దేశానికి విదేశాంగ మంత్రిని నేనేనని మా లెక్చరరుగారు ప్రకటించగానే బాబాయి నా బాధ్యతంతా తన చేతుల్లోకి తీసుకున్నాడు. "బల్ల గుద్దాలి. కళ్లలోకి చూడాలి. సెంటు భూమి వదిలావో, ఇంటికి రాకు" అని రెండు వారాలు తర్ఫీదు ఇచ్చాడు. వంటింట్లో పీట మీద గుద్దుతూ సాధన చేస్తుంటే అమ్మ పీట లాక్కుని దాచేసింది.

ఆ రోజు అమ్మ పట్టుచీరకి పదకొండు పిన్నీసులు పెట్టుకుని కాకినాడ వెళ్లాను. బాబాయి సెలవు పెట్టి మరీ వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. అవతలి దేశపు మంత్రి, గ్యాస్ కంపెనీ ఆఫీసరుగారి అమ్మాయి. నాన్నగారి బదిలీల మూలంగా ఉత్తరాది ఊళ్లలో పెరిగిందట. తెలుగు బాగానే మాట్లాడుతుంది గానీ మన పంక్తి భోజనాల్లో ఎన్నడూ కూర్చుని ఎరగదు. మధ్యలో అధ్యక్షులు, ఉద్యోగమంతా విదేశాల్లో చేసి రిటైరైన పెద్దమనిషి, చేతిలో గంట. ఇక్కడ నోటితో అన్న ప్రతి మాటా ఒప్పందంలో రాస్తామని మొదటే చెప్పారాయన. నేను మొదలుపెట్టాను. ఏం మాట్లాడానండీ, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది! బల్ల గుద్దిన గుద్దుకి మంచినీళ్ల గ్లాసు దొర్లి వాళ్ల దేశపు పటమంతా తడిసిపోయింది. ఆ అమ్మాయి తన జట్టుతో గుసగుసలాడి లేచి, "మీ వాదనలో న్యాయం ఉందండి. లంకలో సగం మీరు తీసుకోండి" అంది.

ముందు తగ్గింది వాళ్లు, గెలిచినట్టే! "సంతోషం" అని ఒక్క మాట అంటే చాలు, ఢిల్లీ రైలెక్కేయొచ్చు. కానీ అప్పటిదాకా శత్రుదేశంలా కనిపించిన మనిషి కాస్తా, నా ఈడు పిల్ల, నవ్వుతూ ఏదో ఇస్తున్నట్టు కనిపించింది. అంతే, లోపల్నుంచి పందొమ్మిదేళ్ల పెంపకం తన్నుకొచ్చింది. "అబ్బెబ్బే, ఎందుకండీ! మీకే ఉండనివ్వండి" అన్నాను. అని, తల కొంచెం వంచి, రెండోసారి అడుగుతుందని ఎదురుచూస్తూ నిలబడ్డాను. మా వైపు అంతే కదండీ. పులిహోర మారు వడ్డించినా, చీర పెట్టినా, బస్సులో సీటిచ్చినా రెండుసార్లు వద్దనాలి, మూడోసారి ఇంక తప్పదన్నట్టు పుచ్చుకోవాలి. మొదటిసారే తీసుకున్నవాళ్లని వెనకాల ఏమంటారో నాకు తెలుసు. పాపం ఆ పిల్లకి తెలియదు. "అయ్యో, చాలా థాంక్సండీ!" అని హాయిగా కూర్చుంది.

ఠంగుమని గంట కొట్టారు అధ్యక్షులు. "లంకపై హక్కును మంత్రిగారు తమంతట తామే వదులుకున్నారు. నమోదు చేస్తున్నాం." వెనక వరసలోంచి బాబాయి కేక: "అయ్యయ్యో, అది వద్దనడం కాదండీ! మళ్లీ అడగమనండి!" "ప్రేక్షకులు మాట్లాడకూడదు. ఇలాంటి పద్ధతి ప్రపంచంలో ఎక్కడా లేదు." "మా ఇంట్లో ఉందండీ!" అని బాబాయి అంటుండగానే ఇద్దరు వాలంటీర్లు వచ్చి ఆయన్ని మర్యాదగా బయటికి తీసుకెళ్లారు.

భోజనాల దగ్గర ఆ అమ్మాయి వచ్చి నా పక్కనే కూర్చుంది. నేను ఏడుపు దిగమింగుకుంటూ విస్తట్లోకి చూస్తున్నాను. వడ్డించేవాడు బూరెలు తెచ్చాడు. "వద్దండీ" అన్నాను, రెండు వేశాడు. "చాలండీ బాబూ" అన్నాను, ఇంకోటి వేసి నెయ్యి పోశాడు. మూడూ తినేశాను. (దుఃఖంలో నాకు ఆకలి ఎక్కువ.) ఆ పిల్ల వింతగా చూసి, "వద్దన్నావు కదా, మరి తిన్నావేంటి?" అంది. చెప్పాను, రెండు వద్దులూ ఒక సరేనూ అని. కాసేపు ఆలోచించి, "అయితే పొద్దున్న ఆ లంక...?" అంది. "అదీ అంతేనండి" అన్నాను. ముందు నోరు తెరిచింది, తర్వాత నవ్వింది, ఆ నవ్వుకి నాకూ ఆగలేదు. ఇద్దరం విస్తళ్ల ముందు పొలమారేదాకా నవ్వాం. తిరుగు బస్సులో మాత్రం కిటికీ వైపు తిరిగి బాగా ఏడ్చాను. మా ఊరి పొలిమేర కనబడ్డాక బాబాయి, "నేనైనా అదే అనేవాణ్ణిలేవే" అన్నాడు.

పది రోజుల తర్వాత మా వీధి ఫోనుకి, అంటే హెడ్మాస్టరుగారింటికి, నాకు ఫోనొచ్చింది. నాతోపాటు వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది. ఆ అవతలి దేశపు మంత్రే! "మా జట్టులో ఒకమ్మాయికి అమ్మవారు పోసింది. ఓడిన జట్టులోంచి ఒకర్ని తీసుకోవచ్చన్నారు. ఢిల్లీ వస్తావా?" నా గుండె నోట్లోకి వచ్చింది. కానీ గుండెకన్నా ముందు నోట్లోంచి మాట వచ్చేసింది: "అబ్బే, నేనెందుకండీ..." బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. ఫోను పెట్టేసిందేమోనని రిసీవరు చెవికి అదిమి పట్టుకున్నాను. అప్పుడు వినిపించింది, నవ్వాపుకుంటున్న గొంతు. "ఒకటి అయింది. వస్తావా?" "మీకు శ్రమ కదండీ..." "రెండు. ఢిల్లీ వస్తావా, రావా?" "రైలు ఎన్నింటికండీ?" అని నేను అరిచిన అరుపుకి హెడ్మాస్టరుగారి కుక్క మొరిగింది.

ఢిల్లీలో మొదటి రోజే చిత్తుగా ఓడిపోయి, మిగతా మూడు రోజులూ కాళ్లు పడిపోయేలా తిరిగాం. అదంతా అయి పాతికేళ్లు దాటింది. ఇప్పుడు పేపర్లో ఫలానా దేశం ప్రతిపాదనని ఫలానా దేశం తోసిపుచ్చిందని చదివినప్పుడల్లా, ఇంకోసారి అడిగి చూశారో లేదోనని మనసు పీకుతుంది. బాబాయి ఉంటే ఇద్దరం కలిసి తిట్టేవాళ్లం. మొన్న ఒక పెళ్లిలో బఫే దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడ్డాను. గరిటె పట్టుకున్న కుర్రాడు "బూరె కావాలా మేడమ్?" అన్నాడు. "అబ్బే, వద్దు బాబూ" అన్నాను. "ఓకే మేడమ్" అని నా వెనకావిడకి వేసేశాడు. బూరె పోయిందన్నమాట. లంక వదులుకున్న ఆ పదకొండు పిన్నీసుల పిల్ల ఇంకా నాలో అలాగే ఉందని నవ్వుకుని, వెళ్లి మళ్లీ వరస చివర నిలబడ్డాను.