తూటాలకు సరే, డబ్బాకు కాదు

పోయినేడు, 1974 వానాకాలం చివర. రామగుండం అవతల, బొగ్గు గనుల నడుమ ఒక చిన్న స్టేషన్‌లో పార్సిల్ క్లర్కుగా చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. బి.ఎ. పూర్తిచేసి, పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. మా ఆయనకు కొత్తగూడెం గనిలో పని. సెలవు దొరికితేనే వచ్చేవారు. క్వార్టర్‌లో నేనూ, పాలు తాగే పాపా ఉండేవాళ్ళం. డ్యూటీ వేళ పాపను పక్కింటి మరియమ్మక్క తన చాప మీద ఆడించేది. ఈ ఊళ్ళో నాతో నాలుగు మాటలు మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

ఆ రోజుల్లో పాపకు ఏదో అవుతుండేది. మరియమ్మక్క దగ్గర నవ్వుతూనే ఉండేది. సాయంత్రం ఇంటికి తెచ్చి పడుకోబెట్టిన కాసేపటికి ముఖం ఎర్రబడి, గుక్కపట్టి ఏడ్చేది. తాగిన పాలు కక్కేది. పక్కన కూర్చున్న నాకూ కణతలు అదిరేవి. దవాఖానలో డాక్టరు గారు పళ్ళొస్తున్నాయన్నారు. మా ఆయన ఉత్తరం రాశారు: "నువ్వు పొద్దంతా లేకపోవడమే దానికి జబ్బు. ఉద్యోగం మానెయ్." నేను ఇంటికి రాగానే ఏడవడం మొదలుపెట్టే బిడ్డను చూస్తే, ఆయన అన్నదే నిజమేమో అనిపించేది. రాజీనామా ఎలా రాయాలో మనసులో వాక్యాలు కూర్చుకుంటూ డ్యూటీకి వెళ్ళేదాన్ని.

అలాంటి ఒక మధ్యాహ్నం ఓదెలు అనే బొగ్గు కార్మికుడు భుజాన ఒక చెక్క డబ్బాతో వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. డబ్బాను ధన్‌మని కౌంటర్ మీద దించాడు.

"గోలేటి దిక్కు మా తమ్మునికి పంపాలె మేడం. సాయంత్రం పాసింజర్ల ఎక్కియ్యి."

"లోపల ఏమున్నయి?"

"తూటలు. తమ్మునికి తుపాకి లైసెన్సున్నది. జొన్నచేన్ల అడివిపందులు పడ్డయి. రాత్రికి రాత్రి చేనంత మేస్తున్నయి. కాయిదాలన్ని తెచ్చిన, సూడు."

చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

రైల్వేలో ప్రమాదకరమైన సరుకుల కోసం వేరే నిబంధనల పుస్తకం ఉంటుంది. పేలుడు మందును పార్సిల్ కౌంటర్లో తీసుకోం. దానికి ముందుగా అనుమతి, విడిగా వ్యాగన్, ఇంజనుకు దూరంగా చోటు కావాలి. అయితే వేట తుపాకి తూటాలకు ఒక మినహాయింపు ఉంది. వాటిని సేఫ్టీ కార్ట్రిడ్జులు అంటారు. పొరపాటున ఒకటి పేలినా తక్కినవన్నీ కలిసి ఒక్కసారిగా పేలవు. అందుకని లైసెన్సు ఉండి, గట్టి డబ్బాలో కదలకుండా సర్ది, లోపల ఏముందో పైన రాస్తే, బ్రేక్ వ్యాన్‌లో, అంటే గార్డు ఉండే పెట్టెలో, మామూలు పార్సిళ్ళతో పాటు పంపవచ్చు. తుపాకి తూటా అనగానే జనం భయపడతారు కానీ, సరిగ్గా కట్టిన తూటాల డబ్బా మా దృష్టిలో పెద్ద భయం కాదు.

ఓదెలు తెచ్చిన డబ్బాతోనే వచ్చింది చిక్కు. అది మందు డబ్బా. బొగ్గును పేల్చడానికి గనిలో వాడే జెలటిన్ మందు అందులో వస్తుంది. పక్కన ఎర్ర అక్షరాలు ఇంకా ఉన్నాయి. ఖాళీ డబ్బాలను కాల్చేయాలని నియమం. కానీ కాలనీలో వాటిని కాల్చేవాళ్ళెవరు? గట్టి చెక్క. ఒకరింట్లో అది పీట, ఇంకొకరింట్లో బియ్యం డబ్బా, మరొకరింట్లో దేవుడి గూడు.

"తూటలు పంపుత గని, ఈ డబ్బాల పంపరాదు," అన్నాను. "దీని మీద పేలుడు మందు గుర్తున్నది. దారిల ఎవరు చూసినా బండి ఆపుతరు."

ఓదెలు పెద్దగా నవ్వాడు. "ఇగ విన్నరా! తూటలైతె తీసుకుంటదట, ఖాళీ డబ్బకు భయపడ్తదట! గీ డబ్బ మీద మా అవ్వ కూసొని రొట్టెలు చేస్తది, ఇంతవరకు పేలలే."

వెనక నిలబడ్డవాళ్ళు కూడా నవ్వారు. నాకు ముఖం వేడెక్కింది. అయినా ఒప్పుకోలేదు. మూత తీసి చూపించమన్నాను. గొణుగుతూనే తీశాడు. తూటాల అట్టపెట్టెలు వరసగా ఉన్నాయి. వాటిని పక్కన పెట్టిస్తే అడుగు చెక్క మీద నూనె ఇంకినట్టు ఒక నల్లటి మరక కనిపించింది. అది ఎంతవరకు ఇంకిందో చూద్దామని ముఖం దగ్గరగా పెట్టాను. ఒక తియ్యటి వాసన. ఆ వాసన నాకు తెలుసు. ఎక్కడిదో మాత్రం తట్టలేదు.

కాయితాలు సరిచూసి, వేరే డబ్బా ఎలా ఉండాలో అతనికి వివరించేసరికి నా కణతలు అదరడం మొదలైంది. రోజూ ఇంట్లో, పాప పక్కన కూర్చున్నప్పుడు వచ్చే నొప్పే. డ్యూటీలో అంతవరకు ఎన్నడూ రాలేదు. తల పట్టుకున్నాను.

ఓదెలు నవ్వు ఆపాడు. "తలకాయ నొస్తున్నదా? గది మందు వాసన నొప్పి బిడ్డా. కొత్తగ మందు పట్టినోళ్ళందరికి వస్తది. సెలవుల పొయ్యొచ్చినా మల్ల వస్తది. అందుకే మందు పేల్చెటి మా షాట్‌ఫైరర్ ఒకడు సెలవునాడు గూడ మందుకాయితం తలరుమాల్ల సుట్టుకుంటడు, అలవాటు తప్పొద్దని."

ఇంకేదో చెబుతున్నాడు. నాకు వినబడటం లేదు. పాప ఆ నెలంతా పడుకుంటున్నది మందు డబ్బాలోనే. మరియమ్మక్క భర్త గని నుంచి కొత్తగా ఖాళీ అయినది తెస్తే, ఆమె కడిగి, ఎండబెట్టి, తన పెళ్ళినాటి చీర మడత పరిచి ఇచ్చింది. ఈ ఊళ్ళో నాకు అందిన ఒకే ఒక్క కానుక అది. రాత్రంతా పాప ముక్కు ఆ చెక్కకు బెత్తెడు దూరంలో ఉండేది.

డ్యూటీ ముగిశాక ఎలా ఇంటికి చేరానో గుర్తులేదు. చీర తీసి చూశాను. అడుగున అదే మరక, అదే వాసన. డబ్బాను వాకిట్లో పెట్టాను. మరియమ్మక్క గడపలోకి వచ్చింది.

"గదేంది, బయట పడేసినవ్?"

చెప్పాను. వీలైనంత మెల్లగానే చెప్పాను.

"మా పిల్లలు నలుగురు గిట్లాంటి దాంట్లనే పెరిగిండ్రు," అంది. "ఎవలకేం కాలే. సదువుకున్నదానివి, నీకే తెలుస్తది తియ్యి."

చీరను తీసుకుని మడతపెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పొద్దున పాపను తీసుకెళ్తే, ఒంట్లో బాగాలేదని తలుపు సగమే తీసింది. ఆ రోజు పాపను ఒళ్ళో పెట్టుకునే కౌంటర్లో కూర్చున్నాను.

ఓదెలు కొత్త డబ్బా చేయించుకుని వచ్చాడు. తూటాలు ఆ సాయంత్రమే వెళ్ళాయి. "నిన్న రాత్రి గూడ మేసినయట. నీ పేరు చెప్పుకొని తిన్నయి పందులు," అని దెప్పాడు. పాపను చూసి, జరిగింది విని, మా క్వార్టర్ ఎక్కడో అడిగాడు. తర్వాత మా వాకిట్లోని డబ్బాను కూడా తన పాత దానితో కలిపి కట్టుకుని వెళ్ళాడు.

"గనిల మందు దాచే కొట్టంల ఇస్త. ఎట్ల కాలవెట్టాల్నో ఆళ్ళకెరుక. నువ్వు మాత్రం పొయ్యిల పెట్టకు."

చాప మీదికి మారాక పాప ఏడుపు తగ్గింది. నా తలనొప్పీ రాలేదు. డబ్బా వల్లనే అని రుజువు చేయమంటే చేయలేను. డాక్టరు గారు పళ్ళే అంటారు. నిజంగానే ఒక పన్ను వచ్చింది కూడా. మా ఆయనకు మాత్రం జవాబు రాశాను: "ఉద్యోగం మానను. ఉద్యోగంలో ఉన్నాను గనుకనే నాకు తెలిసింది."

మరియమ్మక్క కొన్నాళ్ళకు మళ్ళీ పాపను తీసుకుంది. మాటలు మాత్రం మునుపటిలా లేవు. ఆమె ఇంట్లో బియ్యం ఇప్పటికీ అలాంటి మందు డబ్బాలోనే. అది చూసినప్పుడల్లా నోటిదాకా వచ్చిన మాట మింగేస్తుంటాను.

ఆ సంఘటన నా పని తీరును మార్చింది. అంతకు ముందు పార్సిల్ వస్తే లోపల ఏముందని అడిగేదాన్ని. ఇప్పుడు మొదట, "ఈ డబ్బాల ఇంతకు ముందు ఏముండె?" అని అడుగుతాను. చాలామంది నవ్వుతారు. నవ్వనిస్తాను. ఇల్లు చేరాక పాపను చాప మీద పడుకోబెట్టి, అలవాటుగా వంగి దాని జుట్టు వాసన చూస్తాను. పాల వాసన తప్ప మరేదీ లేదని తెలిశాకే నేను నడుం వాలుస్తాను.